పన్నెండోసారి

కుర్చీ ఎత్తు నలభై మూడు సెంటీమీటర్లు. చేతులుండవు, మెత్త ఉండదు, వీపు గోడకి ఆనించి ఉంటుంది. ఊడ్చేవాళ్ళు దాన్ని రెండు వేళ్ళ మేర జరిపినా గడియారం మేడమ్ గుమ్మంలోనే కనిపెట్టేస్తుంది. కుర్చీ కాళ్ళు ఎక్కడ ఆనాలో నేల మీద గుర్తులు కూడా గీసి పెట్టుకుంది. ఆ పేరు రోగులు పెట్టింది. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుంటుంది కాబట్టి అలా పిలిచారు. వెనకాల ధైర్యంగానే పిలుస్తారు, ఎదురుగా నోరు జారితే మాత్రం నాలుక కరుచుకుంటారు.

మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళకి ఆ ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళుగా కొలతలు తీస్తున్నది ఆవిడే. కాలు ఎంతవరకు వంగుతోంది, మూడు మీటర్లు నడిచి వెనక్కి తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతోంది, మెట్లు ఎక్కి దిగడానికి ఎంతసేపు, అన్నీ అయ్యాక ఆఖర్న ఈ కుర్చీ. రెండు చేతులూ గుండెల మీద కట్టుకోవాలి. ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడితే అంత. చేత్తో తొడని నొక్కి లేచారా, సున్నా. "బాగానే ఉందమ్మా, నొప్పే లేదు" అని నోరు చెప్పేది ఒకటీ, కాలు చెప్పేది ఇంకొకటీ అని ఆవిడ నమ్మకం. నోరు మొహమాటపడుతుంది, కాలికి ఆ గోల లేదు. అందుకే ఆవిడ కాలినే అడుగుతుంది.

జాలి లేని మనిషి అనుకుంటే పొరపాటు. ఉంది, బోలెడుంది. కాకపోతే అదంతా స్టాప్‌వాచ్ నొక్కకముందూ, ఆపేశాకానూ. మధ్యలో ఆ ముప్ఫై సెకన్లు మాత్రం కన్నతల్లి వచ్చి కూర్చున్నా ఆవిడకి ఒకటే. పక్క గదుల్లో కొలతలు తీసేవాళ్ళు పాపం అని ఒకటి కలిపేస్తారని ఆవిడకి తెలుసు. తన చేత్తో అలా ఒక్క అంకె కూడా కలపలేదని ఆవిడకి కాస్త గర్వం కూడా ఉంది. కాస్తేమిటి, బాగానే ఉంది.

మంగళవారం పొద్దున కండక్టరమ్మ వచ్చింది. యాభై నాలుగేళ్ళ మనిషి, ఇరవై మూడేళ్ళుగా బస్సులో నిలబడి బతికిన మనిషి. కుడి మోకాలు మార్చి నాలుగు నెలలు కావస్తోంది. లోపలికి వస్తూనే, "ముందుకి జరగండి, ముందుకి జరగండి, వెనక ఖాళీగానే ఉంది" అని బెంచీ మీద వరసగా కూర్చున్నవాళ్ళని నవ్వించింది. అందరూ నవ్వారు, కండక్టరమ్మ తప్ప. చేతిలో డిపో ఇచ్చిన కాగితం చెమటకి మెత్తబడిపోయి ఉంది.

ఆ కాగితంలో నాలుగే గళ్ళు. కాలి వంపు, నడక, మెట్లు, కుర్చీ. కుర్చీ గడిలో "కనీసం పన్నెండు" అని అచ్చయి ఉంది. ఆపరేషన్ అయిన నాలుగు నెలల్లో నాలుగు గళ్ళూ నిండితే తిరిగి బస్సెక్కొచ్చు. ఒక్కటి తగ్గినా పనికి పనికిరారని రాసి ఇంటికి పంపేస్తారు. గడువు ఈ శుక్రవారం సాయంత్రం అయిదు.

"ఇరవై మూడేళ్ళలో నేను బస్సులో కూర్చున్నదెప్పుడు తల్లీ? ఇప్పుడు కూర్చుని లేవమంటారేంటి?" అంది కండక్టరమ్మ, కుర్చీని అనుమానంగా చూస్తూ.

"లేవడమే చూస్తామమ్మా. కూర్చోవడం ఎవరికైనా వస్తుంది."

కాలి వంపు నూట పదిహేను డిగ్రీలు. గడియారం మేడమ్ కొలబద్ద రెండు రేకుల్నీ తొడకీ పిక్కకీ ఆనించి రెండుసార్లు చూసింది, రెండుసార్లూ అంతే. నడక తొమ్మిది సెకన్లు. మెట్లు చకచకా ఎక్కింది, దిగేటప్పుడు కమ్మీ మీద చెయ్యి వేయబోయి, మళ్ళీ తీసేసుకుని, పళ్ళ బిగువున దిగింది. అన్నీ పాసు. కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఏడోసారికే ఊపిరి పైకి తన్నుకొచ్చింది. ముప్ఫై సెకన్లకి పది.

"పది" అంది గడియారం మేడమ్.

కండక్టరమ్మ కుర్చీలోనే కూర్చుని, కొత్త మోకాలి మీద అరచెయ్యి వేసి కాసేపు నిమిరింది. "ఇంకొక్కసారి పెట్టకూడదా?"

"ఇవాళ పెడితే తొమ్మిదే వస్తుంది. కాలు అలిసిపోయింది. ఒక కాగితానికి రెండు పరీక్షలు పెట్టొచ్చు. ఎల్లుండి రండి, ఆఖరిదే బాగా చెయ్యండి." అని గడియారం మేడమ్ కట్టుగుడ్డ చుట్టలోంచి నలభై మూడు సెంటీమీటర్ల ముక్క కత్తిరించి ఇచ్చింది. "ఇంట్లో ఇంత ఎత్తున్న కుర్చీయో పెట్టెయో వెతుక్కోండి. పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు. లేచేటప్పుడు పాదాలు కాస్త వెనక్కి లాక్కోండి, ముక్కు మోకాళ్ళు దాటేలా ముందుకి వంగండి. అప్పుడు నడుమే లేపేస్తుంది."

కండక్టరమ్మ ఆ గుడ్డముక్కని టికెట్టు మడిచినట్టు మడిచి జాకెట్లో దోపుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఇంట్లో కూర్చోబెట్టారనుకోండి తల్లీ, నేనూ నా కూతురూ ఒకర్నొకరం చంపుకుంటాం. ఇది మాత్రం నవ్వులాటకి అనడం లేదు."

గురువారం ఆవిడ వెంట కూతురు కూడా వచ్చింది. మందుల దుకాణంలో పనిచేస్తుంది, ముప్ఫై దాటిన మనిషి, తల్లి నోరు రాలేదు గానీ తల్లి కళ్ళు వచ్చాయి. "రెండు రోజులుగా మా ఇంట్లో బియ్యం డబ్బా మీద కసరత్తు మేడమ్. కింద వాటా వాళ్ళు పైకొచ్చి ఏం దంచుతున్నారని అడిగారు" అంది. కండక్టరమ్మ నేరుగా కుర్చీ వైపు నడిచింది. జోకులు ఇంట్లో పెట్టి వచ్చినట్టుంది.

గడియారం మేడమ్ కుర్చీ గుర్తుల మీదే ఉందో లేదో చూసింది. చెప్పులు విప్పించింది. పాదాల మధ్య జానెడు ఎడం పెట్టించింది. చేతులు గుండెల మీద కట్టించింది. "నేను సరే అన్నాక మొదలుపెట్టండి. నిటారుగా నిలబడాలి, పూర్తిగా కూర్చోవాలి. సరే."

మొదటి అయిదూ బస్సు గేరు మార్చినంత సాఫీగా పోయాయి. ఆరు, ఏడు. ఎనిమిదో దానికి పెదవి కొరుక్కుంది. తొమ్మిదికి ఎడమ కాలి మీద బరువు వేయబోయి సర్దుకుంది. ఇరవై రెండు సెకన్లు. పది. కూతురు గోడకి చేరబడి, గొంతు బయటికి రాకుండా పెదవులతోనే లెక్కపెడుతోంది. పదకొండు. ఇరవై ఎనిమిది. కండక్టరమ్మ దబ్బున కూర్చుని, మరుక్షణమే ముందుకి వంగింది. నడుము కుర్చీని వదిలింది. మోకాళ్ళు విచ్చుకుంటూ వచ్చాయి. ఇంకో జానెడు లేస్తే నిటారే అనగా స్టాప్‌వాచ్ కీచుమంది. ఆవిడ ఆగలేదు, ఆ ఊపులోనే లేచి నిలబడిపోయింది.

"పన్నెండు" అంది కూతురు.

"పదకొండు" అంది గడియారం మేడమ్.

కండక్టరమ్మ ఇంకా చేతులు కట్టుకునే నిలబడి ఉంది. రొప్పు తగ్గాక అడిగింది. "లేచాను కదమ్మా?"

"లేచారు. గంట మోగాక లేచారు. మోగేసరికి ఇంకా లేస్తున్నారు."

"మా బస్సులో సగం టికెట్టు కూడా ఉంటుంది తల్లీ. మీ దగ్గర లేదా?"

నవ్విద్దామనే అంది గానీ, కూతురు కూడా నవ్వలేదు. గడియారం మేడమ్ కలం తీసింది. ఒక్కసారి చెయ్యి కదిలిస్తే పన్నెండవుతుంది, ఆ సంగతి ఆవిడకి తెలియదా? ఇవాళ ఈవిడ కన్నీళ్ళకి ఒకటి, రేపు ఇంకొకరి దండానికి ఒకటి కలుపుతూ పోతే ఇక ఈ కుర్చీ ఎందుకు, ఈ గంట ఎందుకు? కాగితంలో పదకొండు అని రాసింది. తన సొంత రిజిస్టర్లోనూ పదకొండు రాసి, పక్కన చిన్న చుక్క పెట్టింది. లేస్తుండగా గంట మోగినవాళ్ళకి అలా చుక్క పెట్టుకోవడం ఆవిడ అలవాటు. దాని వల్ల ఎవరికీ ఒరిగేది లేదు, చూసింది చూసినట్టు ఉండాలని, అంతే.

ఆ సాయంత్రమే కాగితం తపాలా సంచిలో డిపోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి కూతురు ఒక్కతే వచ్చింది. రాత్రంతా నిద్ర లేని మొహం.

"అమ్మ డిపోకి వెళ్ళింది మేడమ్. బ్యాగూ టికెట్ల మిషనూ ఇవాళ అప్పజెప్పమన్నారట. నేను గొడవకి రాలేదు. ఒక్కటి అడుగుదామని వచ్చాను. సగం లేస్తే లెక్కలోకి రాదని ఎక్కడ రాసి ఉంది?"

గడియారం మేడమ్ గోడ వైపు చూపించింది. కుర్చీ పైన, ప్లాస్టిక్ తొడుగులో, పరీక్ష నియమాల కాగితం తొమ్మిదేళ్ళుగా అతికించి ఉంది. జిరాక్సు ప్రతి, ఏడు వరసలు. కూతురు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చదివింది. మందుల చీటీలు చదివి చదివి అలవాటైన చదువు, అక్షరం వదల్లేదు.

"నిటారుగా నిలబడితేనే ఒకటిగా లెక్కించాలి అని ఉంది. సరే. గంట మోగేటప్పటికి మధ్యలో ఉంటే ఏం చేయాలో ఇందులో లేదే?"

"పెద్ద పుస్తకంలో ఉంటుంది."

"మీరు చూశారా?"

చూశాను అనబోయి గడియారం మేడమ్ ఆగిపోయింది. చూడలేదు. ఉద్యోగంలో చేరిన వారంలో పెద్దసారు ఈ కాగితమే చేతికిచ్చి, నిటారుగా నిలబడితేనే లెక్క, మధ్యలో వాటికి లెక్క లేదు అని చెప్పారు. ఆయన ఈ విభాగానికి పెద్ద, పని నేర్పిన మనిషి. ఆయన మాట మీద అనుమానం ఎందుకు వస్తుంది?

"కూర్చోండి. తెచ్చి చూపిస్తాను" అంది. కోపం కూడా వచ్చింది. తొమ్మిదేళ్ళ పనిని నిన్నగాక మొన్న వచ్చిన మనిషి వేలు పెట్టి అడుగుతుంటే ఎవరికి రాదు? పుస్తకం తెచ్చి, ఆ వరస మీదే ఆ అమ్మాయి వేలు పెట్టించాలనుకుంది.

పాత పుస్తకాలు మేడ మీద రికార్డు గదిలో ఉన్నాయి. నల్ల అట్ట పుస్తకం, అంచులకి చెదలు తగిలి దుమ్ము కొడుతోంది. నిలబడే పేజీలు తిప్పింది. కుర్చీ పరీక్ష దొరికింది. అదే బొమ్మ, అవే వరసలు. ఒకటి, రెండు, మూడు అని వేలు జార్చుకుంటూ ఏడో దానికి వచ్చింది. దాని కింద ఎనిమిదో వరస ఉంది.

ముప్ఫై సెకన్లు ముగిసే సమయానికి మనిషి సగం కంటే ఎక్కువ లేచి ఉన్నట్లయితే, దానిని పూర్తిగా లేచినట్లే లెక్కించాలి.

ఆవిడ దాన్ని మూడుసార్లు చదివింది. పేజీ చివర, అంచుకి వేలెడు దూరంలో ఉంది ఆ వరస. జిరాక్సు తీసిన రోజున పుస్తకం కాస్త కిందకి జారి ఉంటుంది. అద్దం మీద పడనిది కాగితం మీద పడలేదు. కాగితం మీద లేనిది ఆవిడ తలలోకి రాలేదు. ఆ దుమ్ములోనే ఒక పెట్టె మీద కూలబడింది. పన్నెండోసారి కండక్టరమ్మ లేచింది. నా కళ్ళతో నేనే చూశాను. సగం కాదు, ముప్పాతిక పైకి లేచింది.

ఆ తర్వాత ఆలోచన ఇంకా ఘోరమైనది. చుక్కలు.

కిందకి దిగేటప్పుడు ఒక్క క్షణం, మెట్ల మలుపు దగ్గర, ఇంకో మనిషి ఆవిడలోంచి మాట్లాడింది. పుస్తకం దొరకలేదని చెప్పొచ్చు. కింద కూర్చున్న అమ్మాయి మేడెక్కి వెతకబోదు. కాగితం ఎలాగూ వెళ్ళిపోయింది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అడుగులు మాత్రం నెమ్మదిగానే పడ్డాయి.

పుస్తకం కూతురి ఒళ్ళో పెట్టి, ఎనిమిదో వరస మీద తన వేలే పెట్టింది. "మీరన్నదే నిజం. మీ అమ్మగారిది పన్నెండు."

కూతురు చదివింది. అరుస్తుందనుకుంది గడియారం మేడమ్, అరిస్తే బాగుండునని కూడా అనుకుంది. కూతురు పుస్తకం మూసి, గోడ గడియారం చూసి, "అయిదింటిలోపు అవుతుందా?" అని మాత్రం అంది.

"పెద్దసారు ముద్ర కావాలి. మీటింగులో ఉన్నారు. రాగానే వేయిస్తాను."

పెద్దసారు రెండున్నరకి గానీ రాలేదు. అందాకా గడియారం మేడమ్ కాలుగాలిన పిల్లిలా ఆ గదికీ ఈ గదికీ తిరిగింది. మధ్యలో ముగ్గురికి పరీక్ష పెట్టాల్సి వచ్చింది. మూడో మనిషి, ఒక వంటాయన, గంట మోగేసరికి సగం దాటి లేచి ఉన్నాడు. ఆవిడ నోరు పెగల్చుకుని "పదమూడు" అంది. తొమ్మిదేళ్ళలో ఆ అంకె అలా చెప్పడం అదే మొదలు. ఆయన మాత్రం ఏమీ ఎరగక చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కూతురు బెంచీ మీద నుంచి లేవలేదు, మంచినీళ్ళిస్తే వద్దంది.

పెద్దసారు పుస్తకం చూశారు, గోడ మీంచి తెచ్చిన కాగితం చూశారు. మంచి మనిషే. ఆయన చేతుల్లో లేచి నడిచినవాళ్ళు వేలల్లో ఉంటారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"జిరాక్సు తీసింది నేనేనమ్మా. సోమవారం నుంచి సరిదిద్దుకుందాం."

"ఇవాళ కండక్టరమ్మ సంగతి సార్?"

"పిలిచి మళ్ళీ పరీక్ష పెట్టు. పన్నెండు రాసి పంపు. కారణం గీరణం ఏమీ రాయకు."

"ఒక కాగితానికి రెండే పరీక్షలు సార్, రెండూ అయిపోయాయి. నిన్న పదకొండని పంపి ఇవాళ పన్నెండంటే వాళ్ళు ఊరుకుంటారా? ఎందుకు మారిందో రాయాలి."

"రాస్తే ఏమవుతుందో తెలుసా?" పెద్దసారు గొంతు తగ్గించారు. "ఈ ఒక్క కాగితంతో ఆగదు. తొమ్మిదేళ్ళ కాగితాలు తిరగేస్తారు. వాటి మీద ఉన్నవి నా సంతకాలు కావు, నీవి. నీ మంచికే చెప్తున్నాను."

అది నిజమే. కొలత తీసిన మనిషి సంతకం అని ఉన్న గీత మీద ప్రతిసారీ ఆవిడే, ఎంతో నీటుగా, చేసింది. ఇంట్లో పరీక్షలకి చదువుతున్న కొడుకు గుర్తొచ్చాడు, చెయ్యని తప్పుకి కూడా భయపడే మొగుడు గుర్తొచ్చాడు. ఈ ఉద్యోగం పోతే తనకి చేతనైన పని ఇంకేదీ లేదు.

"మీ ముద్ర వేస్తారా సార్, వెయ్యరా?"

"నన్ను ఇబ్బంది పెట్టకమ్మా" అని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు.

ఆవిడ తన బల్ల దగ్గరికొచ్చి తెల్లకాగితం తీసింది. రెండుసార్లు రాసి చింపేసింది. ఒకసారి "పొరపాటు జరిగినది" అని వచ్చింది, ఎవరు చేశారో లేకుండా. ఇంకోసారి "నియమాల ప్రతిలో లోపం వలన" అని వచ్చింది, తప్పంతా జిరాక్సు మిషను చేసినట్టు. మూడోసారి పొట్టిగా రాసింది. పరీక్ష ముగిసేసరికి ఈమె సగం కంటే ఎక్కువ లేచి ఉంది. నియమం ప్రకారం అది పన్నెండు. నియమం తెలియక నేను పదకొండుగా లెక్కించాను. కింద సంతకం, తన రిజిస్ట్రేషన్ నంబరు. పుస్తకంలో ఆ పేజీకి జిరాక్సు తీసేటప్పుడు, ఎనిమిదో వరస పడిందో లేదో చూసి మరీ బయటికి తీసింది. తన రిజిస్టర్లు, పాతవాటితో కలిపి నాలుగు, సంచిలో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేది.

ఆటోలో కూతురు పక్కన కూర్చుంది. ఒక కూడలిలో బండ్లన్నీ ఆగిపోతే కూతురు సగం బయటికి వంగి, "అన్నా, ఆ సందులోంచి పోనీ" అంది. అప్పటికి నాలుగూ ఇరవై అయిదు.

డిపోలో ఉద్యోగుల కాగితాలు చూసే ఆయన్ని ఫైళ్ళ సారు అంటారు, ఆయన గది చివరన ఉంది. బల్ల మీద టికెట్ మిషను, తోలు బ్యాగు, యూనిఫాం మీద పెట్టుకునే నంబరు బిళ్ళ వరసగా పెట్టి ఉన్నాయి. గడువు అయిదు దాకా కాబట్టి ఫైలు ఇంకా మూయలేదు. కండక్టరమ్మ వాటి ఎదురుగా నిలబడి ఉంది. మూల కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కూతుర్నీ గడియారం మేడమ్ నీ చూసి, "నువ్వెందుకొచ్చావే? ఈవిడెందుకు?" అంది.

గడియారం మేడమ్ కాగితం బల్ల మీద పెట్టింది. ఫైళ్ళ సారు పైపైన చూసి నవ్వాడు. "నిన్న పదకొండు, ఇవాళ పన్నెండు. కాళ్ళు ఇంత తొందరగా బాగుపడతాయని తెలిస్తే నేనూ మార్పించుకునేవాణ్ణి. ఎవరి చెయ్యి తడిపారమ్మా?"

"చదవండి సార్. పూర్తిగా చదవండి."

ఆయన చదివాడు. నవ్వు మొహంలోంచి జారిపోయింది. రెండోసారి పైకే చదివాడు, "నియమం తెలియక నేను" దగ్గర గొంతు ఆగింది. పుస్తకం పేజీ చూశాడు.

"ముద్ర లేదేం?"

"మా పెద్దసారు వెయ్యలేదు. సంతకం నాది, కొలిచింది నేను. కాగితంలో అడిగింది కొలిచిన మనిషి సంతకమే."

"అంటే తప్పు మీదే."

"నాదే."

"ఇలా చేత్తో రాసిచ్చిన మనిషిని నేను చూడలేదమ్మా" అని ఆయన గోడ వైపు చూశాడు. అయిదుకి ఇంకా పది నిమిషాలుంది. కండక్టరమ్మ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ఆయన పాత కాగితం తీసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, కొత్త కాగితం ఫైల్లో గుచ్చి, ముద్ర వేశాడు. మిషనూ బ్యాగూ బిళ్ళా బల్ల మీద ఈ పక్కకి నెట్టాడు. "సోమవారం మొదటి డ్యూటీకి రా."

కూతురు మొహం గోడకి తిప్పుకుని ఏడ్చేసింది. కండక్టరమ్మ బ్యాగు అందుకుని భుజానికి వేసుకుంది, పట్టీ సర్దుకుంది. ఆవిడ కళ్ళు మాత్రం గడియారం మేడమ్ మీంచి కదల్లేదు.

ఫైళ్ళ సారు లేచి ఇనప బీరువా తెరిచాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు. "ఇంతకు ముందు మీ ఆసుపత్రి కాగితం చూసి ఇంటికి పంపినవాళ్ళు ఉన్నారమ్మా" అంటూ ఒక ఫైలు తెచ్చి విప్పాడు. "పదకొండు అని ఉన్నవి మూడు."

మూడు కాగితాలూ బల్ల మీద పరిచాడు. మూడింటి మీదా కింద అదే సంతకం. గడియారం మేడమ్ సంచిలోంచి రిజిస్టర్లు తీసింది. తొందరలో పేజీలు రెండేసి తిరుగుతున్నాయి. మొదటాయన డ్రైవరు. పదకొండు, చుక్క లేదు. రెండో మనిషి షెడ్డులో మెకానిక్. పదకొండు, చుక్క లేదు. ఊపిరి కాస్త ఆడింది. మూడోది మూడేళ్ళ కిందటిది. పేరు మీద వేలు పెట్టి గీత వెంబడి జరిపింది. పదకొండు. పక్కన, సూది మొనంత, చుక్క.

కండక్టరమ్మ వంగి పేరు చదివింది. "ఈలక్క" అంది.

ఎవరో కూడా కండక్టరమ్మే చెప్పింది, గడియారం మేడమ్ కి కాదు, బల్లకి చెప్పినట్టు. "గంట కొట్టేది కాదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసిందంటే, బస్సు ఎక్కడున్నది అక్కడ ఆగేది. నాకు పని నేర్పింది ఆవిడే. పంపేసిన రోజు, నేను లేచానే, నిజంగా లేచాను అంది. నేను నమ్మలేదు. ఓడిపోయినవాళ్ళు అలాగే అంటారులే అనుకున్నాను."

"ఆవిడ కాగితం కూడా ఇప్పుడే రాసిస్తాను" అంది గడియారం మేడమ్.

"రాయండి. నాకు పనిచ్చారు, సరే. దండం పెడతాననుకోకండి. ఇది నాది, నాకు రావాల్సింది." కండక్టరమ్మ బ్యాగు పట్టీ బిగించింది. "ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతలే. కాగితం ఇక్కడ పెట్టి వెళ్ళిపోదామనుకోకండి. మొహం మీద చెప్పాలి. పదండి."

గడియారం మేడమ్ నిలబడే రాసింది. ఈసారి చింపాల్సిన పని పడలేదు. ఫైళ్ళ సారు ఆ కాగితం తీసుకుని, మూడేళ్ళ కిందటిది కాబట్టి పైవాళ్ళని అడగాలని, పని వెనక్కి వస్తుందో రాదో తను చెప్పలేనని అన్నాడు. గడియారం మేడమ్ తలూపింది. ఒక డిపోకే ఒకటి. సంచిలో ఉన్నవి నాలుగు రిజిస్టర్లు, ఆసుపత్రి బీరువాలో ఇంకా అయిదు. మిగతా చుక్కలు ఎవరెవరివో, ఎక్కడెక్కడున్నారో ఆవిడకి తెలియదు.

బయట ఇంకా ఎండ ఉంది. కండక్టరమ్మ ముందు నడుస్తోంది, వెనక కూతురు, ఆ వెనక గడియారం మేడమ్. ఒక పాత మేడకి పక్కనుంచి ఇరుకు మెట్లు. కండక్టరమ్మ కమ్మీ పట్టుకోకుండా ఎక్కింది. పైన తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన ఒక పెద్దావిడ, అరవైకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, ఒళ్ళో చొక్కాల కుప్ప పెట్టుకుని గుండీలు కుడుతోంది. పక్కన ఇంకో కుప్ప, కుట్టడం అయిపోయింది.

"ఎవరే అది? బ్యాగుతో వచ్చావేం? ఇంటికి పంపేశారన్నారుగా నిన్ను" అంది ఈలక్క, సూది ఆపకుండా.

"మళ్ళీ తీసుకున్నారక్కా. ఈవిడ నీతో మాట్లాడాలట."

ఈలక్క తలెత్తి చూసింది. మెడలో స్టాప్‌వాచ్ చూసి గుర్తుపట్టినట్టుంది. సూది ఆగింది.

దారిలో కూర్చుకున్న మాటలన్నీ గడియారం మేడమ్ పక్కన పెట్టేసింది. జిరాక్సు సంగతి, పుస్తకం సంగతి, ఎనిమిదో వరస సంగతి, అవన్నీ తర్వాత చెప్పొచ్చు. గుమ్మం లోపలికి రెండడుగులు వేసి నిలబడింది.

"అమ్మా, మూడేళ్ళ కిందట మీకు కుర్చీ పరీక్ష పెట్టింది నేనే. ఆ రోజు పన్నెండోసారి మీరు లేచారు. నేను లెక్కపెట్టలేదు. తప్పు నాది."

ఒళ్ళోంచి ఒక చొక్కా జారి కింద పడితే ఈలక్క తీసుకోలేదు. తర్వాత లోపలి గది వైపు తిరిగి, "ఏవండీ, ఓసారి ఇలా రండి" అని పిలిచింది. లోపల మంచం కిర్రుమంది, చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడయింది.

"వస్తున్నారు. ఇప్పుడన్న మాట ఆయన ముందు ఇంకోసారి అనమ్మా" అంది ఈలక్క. "నేను చెప్తే నమ్మలేదు."